నాన్న గేటు వేసే రోజు

చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం బాగున్నామని రాయబోయి ఆగిపోయాను. నాన్న లేకుండా 'అందరం' అని రాయడం ఇదే మొదటిసారి. మీ బావ, నేను, పాప బాగానే ఉన్నాం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కొట్టు తీస్తున్నాను. తాళాలు బాగుచేయడం, మారు తాళంచెవులు చేయడం వరకు నా చేతనవుతుంది. ఇనప్పెట్టెల జోలికి పోవడం లేదు. సంతాపసభలో నాన్న ఫొటో కింద 'వృత్తికే అంకితమైన మనిషి' అని రాయించారు. నాకు ఏడుపులోనూ నవ్వొచ్చింది. మధ్యాహ్నం కొట్టులో నోరు తెరిచి గురక పెట్టేవాడా, ఎవరైనా వస్తే "లేపకండి, తాళం గురించి ఆలోచిస్తున్నాడు" అనేవాడివి నువ్వు! అయినా అబద్ధమేం కాదులే. ఎవరో ఇంట్లోకి పోలేక గుమ్మం బయట నిలబడ్డారని తెలిస్తే చాలు, అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

ప్రార్థన మందిరం తలుపుకున్న తాళం, నాన్న సొంతంగా చేసిన మొదటిది, గుర్తుగా అడిగి తెచ్చుకోమన్నావు. వెళ్లి అడిగాను. అక్కడి పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "దేవుడికని ఇచ్చాడమ్మాయ్. ఇచ్చిన రోజే అది మీ నాన్నది కాకుండా పోయింది. నాదీ కాదు, నీకెలా ఇచ్చేది? చూడాలనిపించినప్పుడల్లా రా, నువ్వే తియ్యి, నువ్వే వెయ్యి" అన్నాడు. తీసి, వేసి, వచ్చేశాను.

ఇక మన సందు సంగతి. ఇది మరదలికి కూడా చదివి వినిపించు, తనకు తెలియదు. మన ఇంటి పక్క సందు, ఇల్లు కట్టుకునేంత జాగా, మనదే అయినా, ఆసుపత్రికి అడ్డదారి కనక వీధంతా అందులోంచే నడుస్తుంది. లేకపోతే ఎత్తు వీధి ఎక్కి చుట్టూ తిరిగి పోవాలి. నాన్న ఏడాదికి ఒక్కరోజు మాత్రం, ఏటా అదే తేదీన, గేటుకు తాళం వేసేవాడు. ఎన్నడూ అడ్డు చెప్పకుండా వదిలేస్తే ఆ దారిని జనానికి అంకితం చేసేసినట్టే చట్టం చూస్తుందని లాయరు చెప్పాడు మరి. ఆ ఒక్కరోజూ గేటు ముందు కుర్చీ వేసుకుని, అందరి చేతా తిట్లు తిని, ముసలివాళ్ల సంచులు తనే మోసుకుంటూ చుట్టుదారిన దిగబెట్టి వచ్చేవాడు. ఎందుకు నాన్నా ఈ అవస్థ అంటే, "చిన్నోడు తిరిగొచ్చి ఇల్లు కట్టుకోవద్దూ?" అనేవాడు.

ఈ ఏడాది ఆ తాళం నేను వేశాను. తిట్లకు సిద్ధపడి నాన్న కుర్చీలో కూర్చున్నాను. నరమానవుడు రాలేదురా! మధ్యాహ్నానికి అనుమానమొచ్చి వీధి చివరికి వెళ్లి చూద్దును కదా, అందరూ చుట్టుదారిన పోతున్నారు. నేనెవరికీ చెప్పలేదు. వాళ్లకే గుర్తుంది. బట్టలు కుట్టే పిన్ని కాలికి కట్టుతో, ఎండలో రొప్పుతూ ఆ ఎత్తు ఎక్కుతోంది.

"గేటు దగ్గరికొచ్చి అడగొచ్చు కదా పిన్నీ?" అన్నాను.

"ఇవాళ మీ నాన్న రోజు కదే. ఆయనైతే తిట్టేదాన్ని. నిన్నెలా తిట్టమంటావ్?" అంది.

ఇక ఉండబట్టలేకపోయాను. నీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ చేతకావడం లేదు. పరుగెత్తి వెళ్లి గేటు తీశాను. "ఈ దారి మీదే, ఇక తాళం వెయ్యను" అని వీధంతా వినేలా ఏడుస్తూ అరిచాను. నిన్ను అడగలేదు. నీ ఇంటి జాగా అని తెలిసే అన్నాను.

లాయరు తల పట్టుకున్నాడు. నాన్న తర్వాత ఆ జాగా మనిద్దరిదీ కనక, నా మాట నా సగానికే చెల్లుతుందట. నీ సగానికి నువ్వు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక మళ్లీ వెనక్కి రాదు. సగం దారిలో ఎవరు నడుస్తారు చెప్పు?

కోపం వస్తే తిట్టు, పడతాను. నాన్న నీకోసమే అన్నేళ్లు తిట్లు తిన్నాడు, నేను ఒక్క పూటలో పాడుచేశాను. వద్దని నువ్వు రాస్తే అడ్డు రాను. కానీ వచ్చే ఏడాది తాళం వేసి ఆ కుర్చీలో కూర్చోవడానికి నువ్వే రావాలి. నేను ఇంకోసారి కూర్చోలేనురా.

కుర్చీ ఇంకా సందు మధ్యలోనే ఉంది. లోపల పెట్టబుద్ధి కావడం లేదు. వచ్చేపోయేవాళ్లు కూడా దాన్ని జరపడం లేదు, పక్కగా ఒదిగి నడుస్తున్నారు.

ఇట్లు,
నిన్నడగకుండా మాట ఇచ్చేసిన
మీ అక్క