ఒక్క బోణీ పంపండి

మీత్ ఘమ్ర్ ఊళ్ళో పాత బజారు వీధి చివర కొత్తగా తెరిచిన పెద్ద దుకాణం యజమాని గారికి, ఎదురుగా ఉన్న గుండీల కొట్టు ఫహీమ్ సలాములు.

ఎనిమిదింటికే తలుపులు తీశారు. పదింటిదాకా ఒక్క మనిషి లోపలికి రాలేదు. చూసి నా ప్రాణం ఉసూరుమంది. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. తనకు బోణీ అయ్యాక, వచ్చే రెండో బేరాన్ని ఇంకా బోణీ కాని పక్క కొట్టుకు పంపాలి. నాకు ఒక దారం రీలుతో అయింది. ఆ తరవాత జిప్పు కోసం వచ్చినావిడతో, "నాదయిందమ్మా, పాపం ఆ కొత్తాయనకింకా కాలేదు, అటెళ్లు" అన్నాను. మీ దగ్గర సబ్బు కొనుక్కుని పోయింది. సంతోషం.

మీ పొరుగువాడు,
హాజీ ఫహీమ్ ఖర్బూత్లీ

తా.క. మీ గుమ్మంలో టోపీ పెట్టుకున్నాయన పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడు. కుర్చీ లేకపోతే చెప్పండి, నాది పంపుతాను.

*

గౌరవనీయులైన కస్టమర్ గారికి,

మా 'మిత్రుణ్ణి తీసుకురండి' పథకంలో చేరినందుకు అభినందనలు. మీరు ఇంకా తొమ్మిదిమందిని పంపితే వేపుడు పెనం ఉచితం.

సదా మీ సేవలో,
నష్వా ఫిక్రీ, కస్టమర్ సేవా విభాగం

తా.క. ద్వారం దగ్గరి ఉద్యోగి కూర్చోవడం నిబంధనలకు విరుద్ధం.

*

నష్వా అమ్మాయికి దీవెనలు.

పెనం నాకెందుకమ్మా? ఒంటివాణ్ణి, గుడ్లు ఉడకబెట్టుకు తింటాను. ఈ వారం నలుగురిని పంపాను. అయితే ఈ పద్ధతి రెండు వైపులా నడవాలి. నాకు మూడు రోజులుగా బోణీ లేదు. ఒకప్పుడు ఈ వీధిలో పదకొండు కొట్లు. దీపాల గిర్గిస్ నాకు పంపేవాడు, నేను చెప్పుల వగ్దీకి పంపేవాణ్ణి. అందరూ కొట్లు మూసుకుని పోయారు. ఇక నాకు పొరుగంటే మీరే. ఒక్కరిని పంపండి, ఒక్క గుండీ కొన్నా చాలు.

ఎదురుచూస్తూ,
ఫహీమ్

తా.క. మీ టోపీ ఆయన చొక్కాకు రెండో గుండీ లేదు. ఇక్కడికే కనిపిస్తోంది. ఆయన్నే పంపినా సరే.

*

గౌరవనీయులైన కస్టమర్ గారికి,

మీ ఫిర్యాదు అందింది. రకం: వస్తువు చేరలేదు. వస్తువు: బోణీ, ఒకటి. కొన్న రసీదు జతచేస్తే పద్నాలుగు రోజుల్లో కొత్తది పంపుతాం.

సదా మీ సేవలో,
నష్వా ఫిక్రీ

తా.క. ఉద్యోగుల చొక్కాలకు గుండీలు కైరో కార్యాలయంలోనే కుట్టాలి. చొక్కా అక్కడికి పంపించాం.

*

అమ్మాయీ,

బోణీకి రసీదెక్కడిది? నీకు నవ్వులాటగా ఉందేమో, నాకు ఏడుపొస్తోంది. తొమ్మిది రోజులయింది. రోజూ కొట్టు తీసి, గుండీల డబ్బాలు తుడిచి, మళ్ళీ కట్టేస్తున్నాను. మా తాత పెట్టిన కొట్టిది. ఈ నెల కూడా ఇలాగే పోతే నా చేతులతో నేనే మూసేయాలి. నాకు పథకాలొద్దు. కొనేవాణ్ణి ఒక్కణ్ణి పంపు.

ఫహీమ్

తా.క. టోపీ ఆయన చలికి వణుకుతున్నాడు. చొక్కా వచ్చేదాకా నా కోటు ఇచ్చాను.

*

గౌరవనీయులైన కస్టమర్ గారికి,

మీ ఫిర్యాదు పరిష్కారమైంది. మీరు కోరినట్టే, కొనేవారు ఒకరు గురువారం ఉదయం తొమ్మిదింటికి వస్తారు. వారు మా స్థలాల విభాగం అధికారి. మా సేవకు అయిదుకు ఎన్ని మార్కులిస్తారో తెలపగలరు.

సదా మీ సేవలో,
నష్వా ఫిక్రీ

తా.క. ఇది నా చేత్తో రాస్తున్నాను బాబాయ్. ఆయన గుండీలకు రావడం లేదు, మీ కొట్టునే కొనడానికి వస్తున్నాడు. "కొనేవాణ్ణి పంపు" అన్న మీ మాట చూసి, కొట్టు అమ్మకానికి పెట్టారనుకున్నారు పైవాళ్ళు. కాదని చెప్పాను, వినలేదు. మీరు మాత్రం ఒప్పుకోకండి. తప్పు నాదే, మొదటి ఉత్తరం సరిగా చదవాల్సింది.

*

బంగారు తల్లి నష్వాకు,

నీ చీటీ ముందే అందింది. అన్నీ తెలిసే కూర్చున్నాను. సరిగ్గా తొమ్మిదింటికి వచ్చాడు. మంచివాడే, టీ తాగాడు. "అమ్ముతారా హాజీ గారూ?" అన్నాడు. పదహారు రోజుల తరవాత గుమ్మం తొక్కిన మొదటి బేరం. బోణీని ఎలా వెనక్కి పంపను? మా నాన్న ఏనాడూ పంపలేదు. సరేనన్నాను.

అంతా పద్ధతి మీదకి తోసేస్తే అబద్ధమవుతుంది. అలిసిపోయానమ్మా. నువ్వేం బాధపడకు. ఈ పదహారు రోజుల్లో నాకు ఉత్తరాలు రాసింది నువ్వొక్కదానివే. నీకు అయిదుకు అయిదు.

నీ బాబాయి,
ఫహీమ్

తా.క. ఆయన వెళ్ళాక ఒకావిడ తెల్ల దారం కోసం వచ్చింది. నాకు బోణీ అయిపోయింది కదా, మీ దగ్గరికి పంపాను. పది నిమిషాల్లో తిరిగొచ్చింది, మీరు దారం అమ్మరట. నా దగ్గరున్న తెల్ల రీళ్ళన్నీ సంచీలో వేసి ఇచ్చేశాను. అవి అయిపోయాక ఆవిణ్ణి ఎక్కడికి పంపాలో నాకు తెలియలేదు.