మార్తమ్మ పేరు మీది మీటరు

మే 1
పింఛన్ల రోజు. గ్రామ సచివాలయం తరఫున పంచేది నేనే. జాబితాలో మార్తమ్మ లేదు. కారణం: కరెంటు వాడకం నెలకు మూడు వందల యూనిట్లు దాటింది. ఆమె ఇంట్లో ఒక బల్బు, తిరగని ఫ్యాను.
"నాది రాలేదా అప్పా?" అని అడిగింది. మధ్యాహ్నం దాకా సచివాలయం మెట్ల మీదే కూర్చుంది.

మే 2
ఆమె పేరున రెండు మీటర్లు. రెండోది చర్చిది. స్థలం ఇచ్చినవాళ్ల పేరుతోనే మీటరు పెట్టించడం వాళ్ల పేటలో ఆనవాయితీ. ఆ రెండు సెంట్లు ఇచ్చింది ఆమే, నోటిమాటగా. చర్చి బోరు మోటరూ దాని మీదే నడుస్తుంది. వేసవిలో పేటంతటికీ అవే నీళ్లు.
ఆ మీటరును ఆమె ఆధార్‌కు కలిపింది... నేనే. పోయినేడు, గడువులోగా అన్నీ కలపాలని. ఎవరిదో చూడలేదు. సిగ్గుగా ఉంది.

మే 4
కోడుమూరు, మండలాఫీసు. అర్జీ ఇస్తే అక్కడి సారు ఓపిగ్గా విన్నాడు. చర్చిదని రాయడానికి కంప్యూటర్లో గడి లేదట.
తిరుగు బస్సులో నిబంధనల కాగితం మళ్లీ చదివాను. కారు, పొలం, కరెంటు, ఉద్యోగం... పేద కానివాడి గుర్తులే అన్నీ. పేదవాడెలా ఉంటాడో ఒక్క ముక్క లేదు. తిన్నారా అని అడిగే గడి అసలే లేదు.

మే 5
ఎండ. ఏమీ రాయబుద్ధి కాలేదు.

మే 8
మీటరు వేరేవాళ్ల పేరుకు మారిస్తే సరిపోతుంది. చర్చి సంఘ పెద్దల్ని అడిగితే ముగ్గురూ నేల చూపులు చూశారు. అందరికీ ఏదో ఒక పథకం వస్తోంది, మీటరు తమ పేరుకొస్తే అది పోతుందని భయం. తప్పు పట్టలేను. చర్చి పేరున పెట్టాలంటే స్థలం కాగితాలు కావాలి. అవి లేవు.

మే 10, ఆదివారం
ఆరాధన అయ్యాక పెద్దలే దారి చెప్పారు. మోటరు ఆపేస్తే యూనిట్లు తగ్గుతాయి, పింఛను తిరిగొస్తుంది. అందరూ మార్తమ్మ వైపు తిరిగారు. ఆమె నన్ను చూసి చెప్పింది.
"నీళ్లు నిలపొద్దప్పా. ఈ ఎండల్లో పిల్లోళ్లు యాడికి పోతారు? నేను కూలికి పోతాండా గదా. పేదదాన్ని కాదనే రాసుకో."
నేనేమీ రాసుకోలేదు. అర్జీ మాత్రం మళ్లీ పంపాను.

మే 27
జవాబు లేదు.

జూన్ 1
పింఛన్లు పంచుతూ పేటకు. ఆమె ఇల్లు తప్పించి పోదామనుకున్నా. పిలిచింది. చెంబుతో నీళ్లిచ్చింది, బోరు నీళ్లు. తాగాను. జాబితాలో ఈ నెలా ఆమె పేరు లేదు. ఆమె అడగలేదు.