వాన పోస్టరు ఎక్కడెక్కడ అంటించారు

8 ఫిబ్రవరి 1982, సోమవారం

పక్క బ్లాకు నుంచి ఉష వాళ్ళమ్మ వచ్చి వెళ్ళింది. ఈ నెల తెలుగు సినిమాకు వాళ్ళ ఇంటి నుంచి ఎవరూ రారట. మా ఆవిడ శారద టీ ఇస్తే తాగకుండానే లేచింది.

పోయిన నెల ఆటలో జరిగింది ఇది: చీకట్లో వెనక సీటు మనిషి ఉష మీద చెయ్యి వేశాడు. తొమ్మిదో తరగతి పిల్ల. పక్కనే మా అమ్మాయి వసుధ. ఇద్దరూ ఇంటర్వెల్ దాకా కదలకుండా కూర్చున్నారు. దీపాలు వెలిగేసరికి వెనక సీటు ఖాళీ. పోస్టరు చూసి వచ్చిన బయటివాడెవడో అని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆ పోస్టరు అలాంటిది — గోడ నిండా నడుము.

వసుధ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను అడగలేదు.

9 ఫిబ్రవరి

హాలు మేనేజరు ఖన్నా ఫోను. మా తెలుగు సంఘానికి నెలకొక ఆదివారం ఉదయం ఆట ఇస్తున్నాడు. 21న హాలు నిండకపోతే మార్చి నుంచి ఆ ఆట ఇంకొకరికి. మర్యాదగానే చెప్పాడు.

శారద సంఘానికి మహిళా కార్యదర్శి. క్వార్టర్లన్నీ తిరిగి టికెట్లు అమ్మేది ఆమే. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో మన ఆడవాళ్ళు నలుగురూ ఒకచోట కూర్చుని తెలుగులో మాట్లాడుకునేది ఆ ఒక్క పూటే అంటుంది. కాదనలేను. కానీ లెక్క తేలదు — మనవాళ్ళందరూ వచ్చినా బాల్కనీయే నిండుతుంది. కింది హాలు పోస్టర్లు చూసి వచ్చేవాళ్ళతో నిండాలి.

12 ఫిబ్రవరి

విజయవాడ పంపిణీదారుల నుంచి పోస్టర్ల కట్ట. ప్రతిసారీ రెండు రకాలు పంపుతారు. సంసారులుండే వీధులకు ఒకటి, బస్టాండ్లకూ మిల్లు గేట్లకూ ఒకటి. ముందుగదిలో నేల మీద పరిచాం.

ఒకదాని మీద టైపు మిషను ముందు కళ్ళజోడు పెట్టుకున్న స్త్రీ. వెనక పుస్తకాలతో తమ్ముడు. మూలన దండ వేసిన భర్త ఫోటో. అంతా లేత నీలం. రెండోదాని మీదా అదే స్త్రీ — కళ్ళజోడు లేదు, వాన, తడిసిన చీర. ఎరుపు, పసుపు. కింద పిడికిలి బిగించిన మనిషి.

వసుధకు తెలుగు చదవడం సరిగా రాదు. అక్షరాల జోలికి పోకుండా బొమ్మ చూసి కథ చెప్పేస్తుంది. నీలం పోస్టరు చూసి, "యే తో రోనేవాలీ హై, పాపా. కానీ ఈ ఆంటీ చనిపోదు. చనిపోయేదైతే వెనకాల మబ్బులు వేస్తారు," అంది. రెండోది చూసింది. లేచి లోపలికి వెళ్ళింది.

ఈ సినిమా హైదరాబాదులో చూశాను. భర్త పోయినావిడ టైపు నేర్పుతూ తమ్ముణ్ణి చదివిస్తుంది. వసుధ అన్నట్టు ఏడుపు సినిమాయే. మధ్యలో కలలో ఒక వాన పాట. అంటే పోస్టరు మీద ఉన్నదేదీ అబద్ధం కాదు. లోపల ఎక్కడో ఉన్న ఒక్క వాక్యాన్ని తెచ్చి శీర్షికలో పెట్టారు, అంతే. మా పత్రిక డెస్కులో రోజూ జరిగే పని.

13 ఫిబ్రవరి

శారద, నేను ఖన్నా దగ్గరికి. నీలం పోస్టరే అంటించాలని శారద పట్టు. ఆయన నా వైపు తిరిగి, "రిపోర్టర్ సాబ్, పోస్టర్ ఎవడూ చదవడు. చూస్తాడు," అన్నాడు, హిందీలో. బస్సులో పోయేవాడికి గోడ దాటేలోపు తెలిసిపోవాలట — ఈ సినిమా తనదా, తన ఇంట్లో ఆడవాళ్ళదా. టైపు మేడమ్‌ని పెడితే మీ కాలనీ వస్తుంది, నా కింది హాలు ఎవరు నింపుతారు అని అడిగాడు.

శారద కదల్లేదు. సరే, ఠీక్ హై అన్నాడు. తొందరగా ఒప్పుకున్నాడు. అదే బాగాలేదు.

16 ఫిబ్రవరి

శారద సాయంత్రం దాకా మెట్లెక్కి దిగుతూనే ఉంది. నీలం పోస్టరు చుట్టి చంకలో పెట్టుకుని, ప్రతి గుమ్మంలో విప్పి చూపిస్తోంది. చూపిస్తే నమ్ముతున్నారట. ఉష వాళ్ళమ్మ కూడా ఆలోచిస్తానంది.

19 ఫిబ్రవరి

ఆఫీసు పని మీద కొత్త స్టేడియం వైపు వెళ్ళాను. ఈ ఏడు జరిగే క్రీడా పోటీల కోసం కడుతున్నది. కూలీల రేకుల షెడ్లు, ఎదురుగా పొడుగాటి గోడ. గోడ నిండా వాన. జిగురు ఇంకా తడిగానే ఉంది. తర్వాతి బస్‌స్టాప్‌లోనూ ఉంది. టెర్మినల్ గోడ మీదా ఉంది.

మా కాలనీలో అన్నీ నీలమే. ఖన్నా మాట తప్పలేదు. మా కళ్ళ ముందు తప్పలేదు.

శారదకు చెప్పాలా? చెప్తే ఆట ఆగుతుంది, హాలు పోతుంది. చెప్పకపోతే ఆమె మాట మీద వచ్చిన ఆడపిల్లలు…

20 ఫిబ్రవరి

చెప్పాను.

"మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?"

"చూశాను."

కాసేపు టికెట్ల పుస్తకం తిరగేసింది. ఇప్పుడు వద్దంటే ఇక ఎప్పటికీ లేదంది. కుటుంబాలన్నీ బాల్కనీలోనే. మెట్ల దగ్గర నేను. సంఘం కార్యదర్శి మూర్తి గారికి ఫోను చేస్తే అదే మంచిదన్నారు: "మనవాళ్ళు తప్ప ఇంకొక పురుగు పైకి రాకూడదండీ."

21 ఫిబ్రవరి, ఆదివారం, ఉదయం

పొగమంచు. వసుధ స్వెటర్ వేసుకుని కూర్చుంది. వస్తానని అనలేదు. రానని అనలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

హాలు నిండింది. కింద దాదాపు అంతా మగవాళ్ళు. మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్క మొహం చూశాను. ఏ మొహంలో ఏం కనబడుతుంది?

ఇంతలో లైన్లో తెలుగు వినబడింది. స్టేడియం కూలీలు, పాలమూరు వైపు వాళ్ళు. నలుగురైదుగురు ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. కింద అంత మంది మగవాళ్ళలో కూర్చోలేమని, పైకి పోనివ్వమని అడిగారు. యాదమ్మ అనే ఆమె ముందు నిలబడింది. ఈ ఆట సంగతి ఎలా తెలిసిందని అడిగాను.

"గోడ మీద సూసినం సారూ."

వాన బొమ్మ చూసి పిల్లలతో వచ్చారా అన్నాను.

"బొమ్మ సంగతి మాకేమెరుక? మన అక్షరాలు గుండ్రంగుంటయి గద. ఈ ఊర్ల యాడ సూసినా గీత గీసి ఏలాడగట్టినట్టుంటయి. ఇవి సూడంగనే మనయని తెలిసింది."

మూర్తి గారు అడ్డం నిలబడ్డారు. బాల్కనీ సభ్యులకు మాత్రమేనమ్మా అన్నారు. శారద ఆయన్ని దాటి వచ్చి వాళ్ళను పైకి తీసుకెళ్ళింది. ముందు వరసలో కొందరు చీరలు దగ్గరికి లాక్కున్నారు. అది కూడా చూశాను.

వాన పాటకు కింద ఈలలు. పాట అయిపోయాక సీట్లు దబదబా కొట్టారు. ఇంటర్వెల్‌కు సగం మంది తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఇద్దరు మెట్ల వైపు వచ్చి, నన్ను చూసి తిరిగిపోయారు. సిగరెట్ కోసమే వచ్చారేమో.

ఏమీ జరగలేదు. అలా రాయకూడదు. నాకు తెలిసినంతలో ఏమీ జరగలేదు.

ఎలా ఉందని అడిగితే వసుధ "ఠీక్ థా" అంది. బాగానే ఉందట. అంతే.

22 ఫిబ్రవరి

ఖన్నా ఫోను. హాలు నిండింది కాబట్టి మార్చి ఆట మనదే. పోస్టర్లు ఎక్కడ ఏది అంటించాలో తన ఇష్టం.

వెంటనే మూర్తి గారి ఫోను. వాన పోస్టరు సంగతి సభ్యులందరికీ తెలిసిపోయింది. ఇకమీదట కాలనీ బయట ఒక్క తెలుగు పోస్టరు కూడా ఉండకూడదట. అంటే షెడ్ల ఎదుటి గోడ మీదా ఉండదు. యాదమ్మ వాళ్ళ పేర్లు మన సంఘం పుస్తకంలో లేవు. ఆ గోడ తప్ప వాళ్ళకు కబురు చెప్పేది ఇంకేదీ లేదు. ఆ మాటే అంటే, "మీరు పత్రికల వాళ్ళు, మీకన్నీ బావుంటాయి. అసలు పోయిన నెల జరిగింది మరిచిపోయారా?" అన్నారు.

మరిచిపోలేదు.

24 ఫిబ్రవరి

భోజనాల దగ్గర ఆ మాటే మళ్ళీ వచ్చింది. నేను శారదతో అంటున్నాను — బయట ఎరుపు పోస్టరు లేకపోతే జనవరిలో వచ్చినలాంటి మనిషి రాడు, మూర్తి గారి మాటలో అంతవరకు నిజం ఉంది.

వసుధ కంచంలో చూస్తూ అంది: "పాపా, వో పోస్టర్ దేఖ్‌కే నహీ ఆయా థా."

పోస్టరు చూసి రాలేదని నీకెలా తెలుసని అడిగాను. ఇన్నాళ్ళకు అడిగాను.

"తెలుగులో మాట్లాడాడు. మొదట్లో నన్ను అడిగాడు. 'ఏమ్మా, తెర కనబడుతోందా' అన్నాడు. మామూలుగా. అంకుల్స్ అడిగినట్టు."

ఎవరు?

"తిరిగి చూడలేదు. గొంతే విన్నాను."

శారద లేచి వీధి తలుపు వేసింది.

25 ఫిబ్రవరి

తెలిసింది ఇంతవరకే: తెలుగు మాట్లాడాడు, ఇంటర్వెల్‌కు ముందే లేచిపోయాడు. స్టేడియం వాళ్ళు పోయిన నెల రాలేదు. అప్పుడు ఆ గోడ మీద మన పోస్టరే లేదు. జనవరి టికెట్లు కౌంటర్లో కూడా అమ్మారు, కాబట్టి సంఘం మనిషేనని రాయలేను. కాదనీ రాయలేను.

శారద ఇవాళ టికెట్లు అమ్మడానికి వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ ఎవరి గుమ్మంలో నీలం పోస్టరు విప్పి చూపించి, అన్నయ్యగారూ మీరు కూడా రండి అన్నానో, అని ఒక్కసారి అంది.

26 ఫిబ్రవరి

పోస్టర్ల సంగతి తేల్చడానికి కమిటీ వేశారట. రేపు సాయంత్రం కూర్చుంటారు, మా ఇంట్లోనే. కార్యవర్గం అంతా వస్తుంది. వద్దని చెప్పడానికి మూర్తి గారికి ఫోను తీశాను. ఏ కారణం చెప్పాలో తోచలేదు. పెట్టేశాను.

వసుధ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"రేపు టీ నేనే ఇవ్వాలా?"