బొట్టు పెట్టి పిలిచిన సంఘం

భోగాపురం దగ్గర రొయ్యల షెడ్డు హాస్టలు,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకి, వదినకి మీ రమణ నమస్కారాలు.

పిల్లాపాపా, గొడ్డూగోదా అంతా కులాసాయే అనుకుంటున్నాను. వరి నాట్లు, ఉభాలు అన్నీ అయిపోయాయా? వంశధార కాలవకి నీళ్ళు వదిలారా? వదినకి దగ్గు తగ్గిందా? నా గురించి బెంగ పెట్టుకోకండి, బాగానే ఉన్నాను. అలసటగా ఉంది, అంతే. ఫోనులో మాట్లాడితే గదిలో ఉన్నవాళ్ళంతా వింటారు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

పని మామూలే. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం. సాయంత్రానికి వేళ్ళు బిగుసుకుపోయి జడ అల్లుకుందామన్నా వంగవు. గ్లవుజులు చిరిగితే మళ్ళీ ఇవ్వరు. బాత్రూముకి వెళ్ళాలంటే పూటకి ఒక్క టోకెనే. వదిన పాత నూలు చీర ఏదైనా ఉంటే చింపి ముక్కలు పంపమను, వేళ్ళకి చుట్టుకుంటాను. తిండి ఫరవాలేదు, చారే నీళ్ళలా ఉంటుంది.

అసలు సంగతి చెబుతాను, కోప్పడకు. మేమిక్కడ సంఘం పెట్టుకుంటున్నాం. విజయనగరం నుంచి ఒక మేడం వస్తోంది, కూలీల తరఫున కేసులు చూసే ఆవిడ. మొదటిరోజే ఉన్నదున్నట్టు చెప్పేసింది. "సంగం ఎట్టిన మర్నాడే జీతం పెరిగిపోతాదనుకోకండి. ముందు బెదిరిస్తారు, మీలో మీకు తగువెడతారు. రిజిస్ట్రేషనయితే మాత్రం అందరి తరపునా కూకోని మాటాడొచ్చు. సంగంలో సేరినందుకు పనిలోంచి తీసీడం సట్టం ఒప్పదు. తీసీసినా ఎల్లి అడగడానికి ఒక సోటుంటాది" అంది. లేనిపోని ఆశలు పెట్టలేదు కాబట్టే ఆవిణ్ణి నమ్మాను.

మొదటి మీటింగుకి ఆడవాళ్ళని గుట్టుగా పిలవమని మా గదిలో పెద్దావిడ అప్పలనర్సమ్మ పిన్నికి చెప్పాం. ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని, పెళ్ళికి పిలిచినట్టు గదిగదికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. యజమాని పెట్టిన హాస్టలు వార్డెనుకి కూడా పెట్టింది. ఇదేం పని పిన్నీ అంటే, "ఒక సూరు కింద ఉన్న మనిసిని వొగ్గీసి మిగతావోళ్ళకి బొట్టెడితే ఆవిడేటనుకుంటాది? తప్పు కాదేటి?" అంది. వార్డెను మంచి చీర కట్టుకుని మీటింగు పెట్టుకున్న సరుగుడు తోటకి వచ్చింది. ముందు వరసలో కూర్చుని మాతోపాటే మరమరాలు తింది. మర్నాడు, సంఘం కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళ పేర్లన్నీ మేనేజరుకి అప్పజెప్పింది. నాకు ఒళ్ళుమండి పిన్నిని నలుగురిలో నానామాటలూ అన్నాను. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత నాకే బాధేసి వెళ్ళి బతిమాలాను.

ఆ మర్నాటి నుంచి సంతకం పెట్టినవాళ్ళందరినీ ఐసు గదిలో పనికి వేశారు. కొందరు భయపడి పేర్లు తీయించుకున్నారు. వాళ్ళని నేనేమీ అనను, ఎవరి ఇబ్బందులు వాళ్ళవి. కానీ షెడ్డులో పదిమందికి ఒకరైనా చేరితేనే రిజిస్ట్రేషను చేస్తారట. ఇప్పుడు సరిగ్గా అంతమందిమే మిగిలాం. ఇంకొక్క పేరు పోయినా కాగితం ఆగిపోతుంది.

నిన్న తవిటయ్య మావ వచ్చాడు. మమ్మల్ని ఊరినుంచి ఈ పనిలోకి తెచ్చిన మేస్త్రీ ఆయనే కదా, మేనేజరు ఆయన్ని పట్టుకున్నాడు. మావ నన్ను పేరు తీసెయ్యమన్నాడు, నేను తీయనన్నాను. "నీతో నాకేటే, ఈ వారంలో ఊరెల్లి మీ అన్నతోనే మాటాడతాను. ఆడు మాటిచ్చీసినాక నువ్వు దాటుతావేటి?" అని వెళ్ళిపోయాడు.

అమ్మకి, శ్రీముఖలింగంలో పెద్దత్తకి నా దండాలు చెప్పు. పిల్లల్ని బడి మాన్పించకండి. మీ దీవెన నాకు ఉండాలి.

మావ వస్తే కాళ్ళకి నీళ్ళివ్వండి, భోజనం పెట్టండి. మనకి పని చూపించిన మనిషి, మర్యాద తగ్గించొద్దు. పంట గురించి, వానల గురించి ఎంతసేపైనా మాట్లాడు. నా సంగతి ఎత్తితే మాత్రం మాట ఇవ్వకు అన్నయ్యా. నాన్న పోయినప్పటినుంచీ నీ మాట నేను దాటలేదు. నువ్వు ఇచ్చేస్తే ఇప్పుడూ దాటను, పేరు తీసేస్తాను.

ఇట్లు,
నీ చెల్లెలు
రమణ