పొట్టు పొయ్యి పొగ

12 జూన్ 2006, సోమవారం

మేడ మీద బట్టలు తియ్యడానికి వెళ్తూ మెట్ల మధ్యలోనే కూర్చుండిపోయాను. పైన వాన మొదలైంది. హాస్టల్ పిల్లలు పరుగున వెళ్లి ఎవరి బట్టలు వాళ్లు తెచ్చుకున్నారు. నన్ను దాటుకుని ఎక్కారు, దాటుకుని దిగారు. ఏమైంది ఆంటీ అని ఒక్క సంహితే అడిగింది. ఏం లేదమ్మా అన్నాను. ఆ కాస్త మాటకే మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

నలభై ఆరేళ్లకే ఇలా ఏంటండీ అని ఆయన్ని అడిగితే, ఒళ్లొచ్చింది, రాత్రిపూట పెరుగు మానెయ్ అన్నారు.

15 జూన్, గురువారం

పంజాగుట్టలో ఛాతీ డాక్టర్ జకియాగారి దగ్గరికి వెళ్లాం. సిగరెట్, బీడీ అలవాటేమైనా ఉందా అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. నేను నోరు తెరవకముందే ఆయన, ఛ ఛ, మా ఇంట్లో అలాంటివి లేవండీ అన్నారు. ఎంత గర్వమో. ఆవిడ నావైపే చూస్తూ, అమ్మా, మీరు రోజంతా ఎక్కడుంటారు, అని అడిగారు.

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చెప్పాను. చిన్నప్పుడు పాలకొల్లులో ఊక పొయ్యి. పెళ్లయ్యాక కిరసనాయిలు స్టవ్. మధురానగర్‌లో ఈ లేడీస్ హాస్టల్ పెట్టిన దగ్గర్నుంచీ వెనక రేకుల షెడ్డులో రంపపు పొట్టు పొయ్యి. తెల్లారకముందే ఇనప డ్రమ్ములో పొట్టు కూరి అంటిస్తాను. షెడ్డుకి కిటికీ లేదు.

గొట్టంలోకి ఊదమన్నారు. ఊదాను. టెక్నీషియన్ పిల్ల ఇంకా, ఇంకా, ఇంకా అంటుంది. ఇంకా నా దగ్గరెక్కడుంది?

సి.ఓ.పి.డి. అట. సిగరెట్ తాగేవాళ్లకే వస్తుందనుకుంటారు, పొయ్యి పొగ పీల్చే ఆడవాళ్లకీ వస్తుంది అన్నారు. ఊపిరి గొట్టాలు సన్నబడ్డాయి. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవచ్చు. ఇన్‌హేలర్ రోజూ వాడాలి. మెల్లగా నడవాలి. ఆయాసం వస్తే ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలాలి. అన్నిటికంటే ముందు పొగ మానాలి.

ఆయన ఒక్కటే అడిగారు. అయితే వంట చెయ్యొచ్చాండీ?

16 జూన్

చేశాను. ఉప్మా, పప్పుచారు, బెండకాయ వేపుడు.

24 జూన్, శనివారం

ఇంటికి ఎవరొచ్చినా ఒక మందు. ఆయన అన్నయ్య తేనెలో మిరియాలు అన్నారు. తోటికోడలు నాగేశ్వరి ఫోన్లో చేప మందు గురించి అరగంట చెప్పింది, ఈ ఏడాది మృగశిర దాటిపోయిందే అని నాకంటే ఎక్కువ బాధపడింది. పక్కింటాయన టీవీ చూసి ప్రాణాయామం నేర్చుకున్నాడట, నాకూ నేర్పుతానన్నాడు. మా ఆయన ఏదో పొడి పొట్లం కట్టించుకొచ్చారు. ఇన్‌హేలర్ పెడితే ఇక వదలదట, అలవాటైపోతుందట.

పొగ మానెయ్ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎందుకంటే అది నేను మింగే మందు కాదు, ఆయన మార్చాల్సిన పొయ్యి.

ఇన్‌హేలర్ బాత్రూంలో వాడమన్నారు. పిల్లలు చూస్తే టి.బి. అనుకుని ఖాళీ చేస్తారట.

9 జూలై, ఆదివారం

గ్యాస్ పెట్టిద్దామండీ అన్నాను. కమర్షియల్ సిలిండర్లతో హాస్టల్ నడిస్తే మనం నడిరోడ్డు మీదుంటాం అన్నారు. పోనీ షెడ్డుకి పొగ గొట్టమైనా, ఒక ఎగ్జాస్ట్ ఫ్యానైనా? కొత్త బ్యాచ్‌లు చేరనీ, చూద్దాం అన్నారు.

కొత్త బ్యాచ్‌ల కోసం ముందు గదికి రంగులేయించారు. కంప్యూటర్ పెట్టి దానికి ఏసీ బిగించారు. మనుషులకి కాదు, కంప్యూటర్ వేడెక్కకూడదని.

ఇవాళ పోపు ఘాటుకి దగ్గి దగ్గి వాంతి చేసుకున్నాను. పాత్రలు తోమే మంగవ్వ వీపు రాసింది. ఆ చేతుల బరువుకి ఏడుపొచ్చింది.

10 జూలై

సమస్య తీరిపోయిందని ఆయన ప్రకటించారు. ఇకనుంచి వంట మంగవ్వ చేస్తుంది. నువ్వు ముందు గదిలో కూర్చుని అడ్మిషన్లు చూసుకో ఉదయా, ఇక హ్యాపీయేనా అన్నారు.

హ్యాపీగానే ఉంది. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

30 జూలై, ఆదివారం

పొద్దున్నే శ్రీనగర్ కాలనీ వైపు నడుస్తున్నాను. మొదట్లో రెండు కరెంటు స్తంభాలు దాటితే ఆగేదాన్ని. ఇప్పుడు గుడి దాకా ఆగకుండా వెళ్తున్నాను. ఇన్‌హేలర్ బాత్రూంలో కాదు, అందరి ముందే వాడుతున్నాను. ఎవరూ ఖాళీ చెయ్యలేదు. పరీక్షల ముందు ఆయాసం వస్తుందని ఒకమ్మాయి నా డాక్టర్ అడ్రస్ కూడా రాసుకుంది.

నిద్ర పడుతోంది. ఆకలేస్తోంది. ఇన్నాళ్లూ ఈ చెయ్యి, ఈ గొంతు, ఈ కాళ్లు నావి కానట్టే బతికాను.

11 ఆగస్టు, శుక్రవారం

ముందు గదిలో ఒక తండ్రికి హాస్టల్ రూల్స్ చెబుతుంటే వెనక నుంచి దగ్గు వినిపించింది. ఎండు దగ్గు కాదు. లోపలినుంచి ఏదో పెరికినట్టుండే దగ్గు. ఎక్కడున్నా పోల్చుకుంటాను, మొన్నటిదాకా నాదే అది.

షెడ్డులోకి వెళ్లాను. మంగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని గరిటె తిప్పుతోంది. డాక్టర్ దగ్గరికి పోదాం పద అంటే, గింత దగ్గుకు డాక్టరేందమ్మా, పొగకు అందరు దగ్గుతరు, అంది.

రాత్రి ఆయనకి చెప్పాను. వాళ్లకి అలవాటే, కట్టెల పొయ్యి మీద పుట్టి పెరిగినవాళ్లు అన్నారు. మరి నేనెక్కడ పుట్టానండీ అని అడిగాను. విసుక్కుని అటు తిరిగి పడుకున్నారు.

12 ఆగస్టు

రెండు బకెట్ల నీళ్లు తీసుకెళ్లి మండుతున్న పొయ్యిలో పోశాను. పొట్టు బుస్సుమంది. షెడ్డు నిండా ఆవిరి, బూడిద. ఇనప డ్రమ్ము తన్నితే కాలే నొప్పెట్టింది.

రాత్రి భోజనం లేదు. పిల్లలు ఖాళీ ప్లేట్లతో వరుసలో నిలబడ్డారు. ఆంటీకి పిచ్చెక్కిందా అని ఎవరో అనడం విన్నాను. ఆయన అందర్నీ వెంటబెట్టుకెళ్లి టిఫిన్ సెంటర్లో తినిపించి, వెయ్యి క్షమాపణలు చెప్పి వచ్చారు. నాతో మాట్లాడలేదు.

మంగవ్వ మాట్లాడింది. మంచిగున్న పొయ్యి ఖరాబ్ చేస్తివి, నా పొట్ట మీద నీళ్లు పోసినవ్ గదమ్మా, వంటకు పెట్టినంక జీతం జర పెరిగిందని నువ్వే సంబరపడితివి, అంది. నీ ఊపిరి కోసమే అన్నాను. నా ఊపిరి నేను జూసుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు అంది.

13 ఆగస్టు

డ్రమ్ము ఎండబెట్టి కొత్త పొట్టు కూరారు. మళ్లీ అంటుకుంది.

21 ఆగస్టు, సోమవారం

సంహిత హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. లిఫ్ట్‌లో పక్కనున్నవాళ్లు తన చుడీదార్ వాసన చూసి మొహం తిప్పుకున్నారట. షెడ్డు పొగంతా మేడ మీద ఆరేసిన బట్టల్లోకే పోతోందని ఏడ్చింది. ఆమె వెనక ఇంకో పదిమంది. ఇలాగైతే వెళ్లిపోతాం అంకుల్ అన్నారు.

నిజమేనమ్మా, నిజమే, అన్నారాయన.

24 ఆగస్టు, గురువారం

గ్యాస్ వచ్చింది. పెద్ద బర్నర్లు, పైన చిమ్నీ, గోడకి ఫ్యాను. మూడే రోజుల్లో. నా ఊపిరితిత్తులు చెయ్యలేని పని వాళ్ల చుడీదార్లు చేశాయి.

గేటు బోర్డు మీద పొగ రహిత వంటగది అని రాయించారు. వచ్చే తల్లిదండ్రులకి చిమ్నీ చూపించి, మా మిసెస్ హెల్త్ కోసమే పెట్టించానండీ అంటున్నారు. పక్కనే నిలబడి నవ్వాలి నేను.

1 సెప్టెంబర్

గ్యాస్‌కి తగ్గట్టు చపాతీలు, నూడుల్స్ చెయ్యడం వచ్చిన కుక్ కావాలట. బుల్లబ్బాయి అని కాకినాడ వైపు మనిషిని తెచ్చారు. మంగవ్వని మాన్పించేశారు. నేను నడకకి వెళ్లినప్పుడు. మళ్లీ పిలిపించమని ఎంత అడిగినా, నువ్వే కదా ఆమె ఊపిరి కోసం గొడవ చేశావ్ అన్నారు.

18 సెప్టెంబర్, సోమవారం

మంగవ్వ కనిపించింది. రెండు సందుల అవతల కొత్త బాయ్స్ హాస్టల్లో. వెనక షెడ్డు. అదే పొట్టు పొయ్యి. నన్ను చూసి మొహం తిప్పుకుంది. మా ఇంటికి వచ్చెయ్, బుల్లబ్బాయిని పంపిస్తాను, అన్నాను. పంపియ్యడం నీ చేతులున్నదా, అని అడిగింది.

లేదు. ఆమెకి దగ్గు తెర వచ్చింది, అది ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. డాక్టర్ దగ్గరికైనా రా, అన్నాను. కొంగుతో మూతి తుడుచుకుని సరే అంది.

4 అక్టోబర్, బుధవారం

మంగవ్వని పంజాగుట్ట తీసుకెళ్లాను. గొట్టం ఊదింది. నాకంటే తక్కువ వచ్చింది. ఇకమీదట పొగ దగ్గరికి అస్సలు పోవద్దు అవ్వా అన్నారు డాక్టర్‌గారు, చీటీ రాస్తూ.

సరే బిడ్డా అంది మంగవ్వ. మీ ఇంట్ల ఏమన్న పనుంటే చెప్పు.

డాక్టర్‌గారు రాయడం ఆపారు.