కొత్తింటికి సాయబాను

కువైట్

ప్రియమైన రాజన్నకు, నీ చెల్లెలు సుగుణ చేసే వందనాలు. ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, బెంగ వద్దు. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో కొత్తింటి మాట ఎత్తితే చాలు, నీకు సిగ్నల్ పోతుంది. అందుకే సెలవు మీద కోరుట్లకు వస్తున్న లక్ష్మక్క చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక్కడి ఎండ మన మేడిపల్లి ఎండకు పెద్దక్క. గాలి వీస్తే దుమ్ము. నేను పనిచేసే ఇంటి ఫోటో చూపించి, పడమటి వైపు అలాగే నిలువెత్తు అద్దాలు పెట్టమని మేస్త్రీకి చెప్పావట. ఆ అద్దాలకు మందపాటి పరదాలున్నాయి, ఎప్పుడూ తీయరు. పట్టపగలు లైట్లు వేసుకుంటారు. దుమ్ము తుడిచేది మాత్రం నేను. మొన్న ఏసీ ఆగిపోతే హాల్లో ఎవరూ నిలవలేకపోయారు. వెనకాల మూరెడు మందం గోడలు, పైన చిన్న కిటికీ ఉన్న పాత సామాను గదిలోకి అందరూ చేరారు. మేడమ్ బియ్యం బస్తా మీద కూర్చుని నన్నూ కూర్చోమంది. మీరు కూల్చేసిన మన మట్టిగోడల ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అద్దాలు నీ ఇష్టం. కానీ హాలు పెద్దది కావాలని, పాతింటికి ఉత్తరపు వైపు నీడలో ఉండే వసారా, మన సాయబాను, ఈసారి వద్దన్నావట. వదిన బీడీలు ఎక్కడ చేస్తుందని అడిగితే "హాల్ల ఫ్యాన్ కింద కూసుంటది" అన్నావు, వెంటనే సిగ్నల్ పోయింది. నేనూ ఆమె పక్కన కూర్చుని చేసినదాన్నే. ఫ్యాన్ వేస్తే చాటలో తంబాకు ఎగిరిపోతుంది, తడిపిన తునికాకు ఎండి చిట్లుతుంది. అంటే ఎండాకాలమంతా స్లాబు కింద ఫ్యాన్ ఆపుకుని కూర్చోవాలి. వదినను అడిగాను.

"ఏం జేస్తం సుగుణా, బంద్ జేసుకొనే చేస్త తియ్యి. మీ అన్న మస్తు సంబురపడుతుండు. గీ ముచ్చట చెప్పకు" అంది.

వద్దన్నా చెబుతున్నాను. పునాదికి ముగ్గు పోయకముందే మేస్త్రీని పిలిపించు. ఉత్తరపు వైపు ప్లానులో నా కోసం ఒక గది గీయించావు కదా, అది తీసేసి అక్కడ సాయబాను వేయించు. పైన రేకులు వద్దు, గూనపెంక వేయించు. నేను ఎప్పుడో వస్తాను, వచ్చినప్పుడు వదిన పక్కనే చాప వేసుకుంటాను.

పెద్దమ్మకు, పాస్టరయ్యకు వందనాలు. పిల్లలకు ముద్దులు. లక్ష్మక్క తిరిగొచ్చేటప్పుడు పుంటికూర తొక్కు పంపించు. నా కోసం ప్రార్థన చేయండి. ముగ్గు ఎక్కడ పోశారో కళ్లారా చూసి రమ్మని లక్ష్మక్కకు చెప్పాను.

నీ చెల్లెలు,
సుగుణ