రెండు దిండ్లు

ఆదివారం ఉదయం

బావకు,

నమస్కారాలు. నేను క్షేమం. నువ్వు క్షేమమే కాదు, బాగా ఒళ్ళు చేశావని కూడా నీ పుస్తకం అట్ట మీది ఫొటో చెప్పింది.

డ్యూటీ డాక్టరుగా చేరిన రోజు క్యాంటీన్లో ఏమన్నావు? రోగి చెయ్యి పట్టుకున్నాకే కలం పట్టుకుంటానని మాటిచ్చావు. అది వినే మురిసిపోయి మా చెల్లెలు నిన్ను చేసుకుంది. అటెండరు చెల్లెల్ని చేసుకున్న పెద్దమనసని అందరూ నిన్నే మెచ్చుకున్నారు.

రక్తం పోయి షాక్‌లో ఉన్న రోగికి మొదటి చికిత్స గురించి నువ్వు రాసిన అధ్యాయం రెండుసార్లు చదివాను. చాలా చెత్త చదివినవాణ్ణే గానీ, చదివాక చేతులు కడుక్కోవాలనిపించింది దీనికే. వెల్లకిలా పడుకోబెట్టాలట, కాళ్ళు ఎత్తిపెట్టాలట, ఆక్సిజన్ పెట్టాలట, లావుపాటి సూదులు రెండు గుచ్చి సెలైన్ ఎక్కించాలట, రక్తానికి కబురంపాలట. అన్నీ సరైనవే. నా భార్యకు ఇవన్నీ వెంటనే చేశాను, అయినా దక్కలేదని రాశావు చూడు, అది పచ్చి అబద్ధం.

నేనక్కడ లేనా? చెల్లి స్కూటరు మీంచి పడి మన వార్డుకే వచ్చింది. పైకి చిన్న గీతైనా లేదు, రక్తమంతా కడుపులోనే కారుతోంది. చేతులు మంచుగడ్డలు, నుదుటి నిండా చెమట. నాడి అందట్లేదు సార్, సెలైన్ పెట్టేయనా అని నర్సమ్మ అడిగింది. ఆగు, పెద్ద డాక్టరు రౌండ్సుకొస్తున్నారు, ఆయన చూసి చెప్పనీ అన్నావు. ఆయన్ని కాదని చెయ్యేస్తే ప్రమోషన్ పోతుందని నీ భయం. అద్దం ముందు టై సర్దుకున్నావు. టై తర్వాత సార్, ముందు మనిషిని చూడండి అని నర్సమ్మ అరిచింది.

ఆయన పద్ధతి తెలిసిందే. తను వచ్చేసరికి వార్డంతా లేచి కూర్చోవాలి. ఎవరైనా పడుకుని కనిపిస్తే, ఇది వార్డా, సత్రమా అంటాడు. ఆయన మంచం దగ్గరికి రాగానే, కూర్చున్న మనిషి పక్కకు ఒరిగిపోయింది. అప్పుడు పరిగెత్తావు సూదుల కోసం.

ఆ పేజీ దిద్దు.

ఇట్లు,
ఇంకా నీ బావమరిదినే

తా.క. ఆమెను ఎవరు కూర్చోబెట్టారో నీ పుస్తకంలో లేదు. నువ్వు అద్దంలో చూసుకుంటున్నావు, నీకు తెలియదు. చంకల కింద చేతులేసి లేపి, వీపు వెనక రెండు దిండ్లు పెట్టింది నేను. కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి అన్నయ్యా, పడుకోబెట్టు అంది. రెండు నిమిషాలు ఓర్చుకోవే, పెద్దాయన వెళ్ళిపోతాడు అన్నాను. నువ్వంటే అసహ్యం చచ్చేదాకా పోదు. కానీ ఇన్నేళ్ళుగా నేను క్షమించలేనిది నిన్ను కాదు, పెద్ద డాక్టర్నీ కాదు. ఆ వార్డు అటెండర్ని.